చీము లేని గూడు

ఎముక జీవము లేని పదార్థమని పెక్కండ్రు తలంతురు. అది సరికాదు. అందు రక్తము ప్రవహించుచుండును. ఒకజాతి కణములు పాతయెముకను కరగించుచుండ, వేఱొకజాతి కణములు క్రొత్తయెముకను పోయుచుండును. ఈ రెండు పనులును బిడ్డ తల్లికడుపున నున్ననాటినుండి తుదిశ్వాసవఱకు ఎడతెగక సాగుచునే యుండును. ఐనను ఇంతటి చైతన్యముగల ఈ ధాతువునకు తన బాధను వెల్లడించుకొను మార్గములు మాత్రము మిక్కిలి స్వల్పములు. చీముపట్టినను, దెబ్బ తగిలినను, గడ్డ పుట్టినను, రక్తప్రసారము నిలిచినను ఎముక చేయగలిగినవి రెండే: కొంత కరగిపోవుట, కొంత గట్టిపడిపోవుట. వైద్యుడు ఎక్స్‌రే పటమును వెలుతురున కెత్తి చూచునపుడు అతనికి గోచరించునవి ఈ రెండింటివలన కలిగిన నలుపు తెలుపుల కలయికలే. అందువలన పరస్పరసంబంధ మేమియు లేని వ్యాధులు పటమునందు ఏకరూపమున కనబడుట అబ్బురము కాదు.

అట్టి సారూప్యమువలన దాదాపు నూఱేండ్లు తనకంటూ ఒక పేరునకు నోచుకొనక, చీముపట్టిన ఎముకల లెక్కలో చేరి మఱుగుపడియున్న బాల్యవ్యాధి యొకటి కలదు. నేడు దానిని ఆస్టియాయిడ్ ఆస్టియోమా యందురు. అది ప్రాణము తీయదు. దేహమున వేఱొక తావునకు ప్రాకదు. కొన్ని మిల్లీమీటర్లనుండి సెంటీమీటరున్నరవఱకు పెరిగి అంతటితో ఆగిపోవును. అయిదేండ్లనుండి ఇరువదియైదేండ్లలోపు వారికి, అందును ఆడపిల్లలకన్న మగపిల్లలకు రెండుమూడు రెట్లు అధికముగా, సగమునకు మించి తొడయెముకలోనో మోకాలి దిగువనుండు పెద్ద ఎముకలోనో ఇది పుట్టుచుండును. ఎముకగడ్డలే అరుదు, వానిలో నిరపాయకరములైనవానియందు ఇది సుమారు పదింట నొకటి. ఇంత చిన్నదియు నిరపాయకరమును ఐన గడ్డ బిడ్డలను నెలలతరబడి, ఒక్కొక్కప్పుడు ఏండ్లతరబడి నిద్రకు దూరము చేయుటయు, దానిని కనుగొనవలసినవారు వేఱొకదానిని వెదకుచుండుటయు నన్ను మిక్కిలి కలవరపఱచు విషయములు. ఈ అధ్యాయమునకు కారణమును అవియే.

ఎముకలో చీముపట్టుట అతిప్రాచీనమైన వ్యాధి. చర్మముపైని చిన్న గాయమునుండియో మఱియొక తావునుండియో రక్తమున ప్రవేశించిన సూక్ష్మజీవులు, ముఖ్యముగా స్టాఫిలోకాకస్ ఆరియస్ అనునవి, పెరుగుచున్న బిడ్డల ఎముకచివరలయందు రక్తము మందగించి ప్రవహించు సన్నని నాళములలో నాటుకొని జ్వరమును, వాపును, తీవ్రవేదనను కలిగించును. ఇది దాచినను దాగని వ్యాధి. కాని దీనికే నెమ్మదిగా సాగు రూపమొకటి కలదు. 1824లో లండన్ నగరమందలి సెంట్ జార్జ్ ఆసుపత్రి శస్త్రవైద్యుడు బెంజమిన్ బ్రోడీ యొద్దకు ఇరువదినాలుగేండ్ల యువకు డొకడు చాలకాలముగా కాలియెముకలో నొప్పితో బాధపడుచు వచ్చెను. వేదన భరింపరానిదై, వేఱుదారి కానరాక, కాలిని తీసివేయవలసి వచ్చెను. తీసిన కాలిని కోసి చూడగా ఎముక దిగువకొనయందు చీముతో నిండిన చిన్న గది బయటపడెను. ఎముకకు రంధ్రము చేసి ఆ చీమును వెలువరించియుండినచో కాలు దక్కియుండెడిదని బ్రోడీ గ్రహించెను. తరువాత వచ్చినవారికి ఆ విధముగనే చేసి కాళ్ళు నిలిపెను. ఆ అనుభవమును 1832లో ప్రకటించెను. కాలక్రమమున ఆ గది ‘బ్రోడీ చీముగడ్డ’ యని ప్రసిద్ధి కెక్కినది. 1893లో స్విట్జర్లండు దేశీయుడైన కార్ల్ గారే పేర మఱియొక రూపము వైద్యగ్రంథములకెక్కినది: ఇందు చీము వెలువడదు, పుండుపడదు, ఎముక మాత్రము మందమై గట్టిపడిపోవును.

ఈ రెండు పేర్లును వైద్యలోకమునకు ఉపకారము చేసినవి. కాని వానివలన ఒక అపకారమును కలిగినది. ఎక్స్‌రేలు వాడుకలోనికి వచ్చిన పిమ్మట, బిడ్డ కాలియెముక ఒకప్రక్క ఉబ్బి దట్టమై, ఆ దట్టపు నడుమ చిన్న నల్లని చుక్క కనబడినచో బ్రోడీ గడ్డ యనియు, చుక్క కనబడనిచో గారే వ్యాధి యనియు వ్రాసి తృప్తిపడుట ఆచారమైపోయెను. శస్త్రము చేసి ఎముకను తెఱచినప్పుడు చీము ఉండెడిది కాదు. తీసిన ముక్కను పెంచి చూచినను సూక్ష్మజీవి మొలచెడిది కాదు. బిడ్డకు జ్వరము లేదు, రక్తమున తెల్లకణములు పెరుగలేదు. ఇన్ని ప్రతికూలసాక్ష్యము లున్నను, క్రిములు మిక్కిలి బలహీనములై యుండవలెననియో, దేహము వానిని అప్పటికే చంపివేసియుండవలెననియో సమాధానము చెప్పుకొనిరి. ఒక సిద్ధాంతము మనస్సున స్థిరపడిన పిదప లేనిదానిని సైతము దానికి సాక్ష్యముగా మలచుకొనుట పండితులకును తప్పని దౌర్బల్యము కదా!

ఈ చిక్కును విడదీసినవాడు న్యూయార్కులోని హాస్పిటల్ ఫర్ జాయింట్ డిసీజెస్ అను ఆసుపత్రి ప్రయోగశాలాధిపతి హెన్రీ జాఫే. 1930లోనే స్వీడనులో బెర్గ్‌స్ట్రాండ్ అను శాస్త్రజ్ఞుడు ఇట్టి రెండు సందర్భములను వర్ణించియుండెను గాని, దీనికి స్పష్టమైన ఆకృతిని, పేరును, గడ్డల వంశములో స్థానమును కల్పించినవాడు జాఫే. అతడు శస్త్రవైద్యుడు కాడు; ఎముకముక్కలను పలుచగా కోసి సూక్ష్మదర్శినిక్రింద చూచుటయే అతని వృత్తి. 1935లో ఐదుగురు రోగుల వృత్తాంతమును ఆధారముగా గైకొని అతడు వ్రాసిన వ్యాసమునందు ఈ వ్యాధికి తొలిసారిగా నేటి పేరు కలిగెను. అతడు చూచినదేమి? గట్టిపడిన ఎముకనడుమ, కంటికి ఎఱ్ఱగా కనబడు ఒక చిన్న గూడు. ఆ గూటిలో ఇంకను సున్నము చేరని లేతయెముక సన్నని అల్లికగా ఏర్పడియుండుట. ఆ అల్లిక యంచులవెంట ఎముకను పోయు కణములు బారులు తీరియుండుట. ఆ సందులనిండ రక్తనాళములు వ్యాపించియుండుట. చీముకణములు లేవు. చచ్చిన ఎముకతునకలు లేవు. దీర్ఘకాలపు సోకుడుకు గుర్తులైన కణసమూహములు లేవు. తాటిటెంకను పగులగొట్టి బుర్రగుంజును తిన్నవారికి ఈ వ్యాధిస్వరూపము సులభముగా బోధపడును: కంటికి ముందు కానవచ్చు గట్టితన మంతయు లోపలి మెత్తని పదార్థము చుట్టును ఏర్పడిన పెంకు మాత్రమే. వైద్యులు అంతకుముందు పెంకును చూచి వ్యాధికి పేరు పెట్టిరి. జాఫే లోపలి గుంజును చూచెను.

ఐనను ఒక వ్యాసముతో లోకము మాఱలేదు. 1940లో జాఫేయు అతని సహచరుడు లూయీ లిక్టెన్‌స్టీనును కలిసి మఱియొక వ్యాసమును ప్రకటింపవలసి వచ్చెను. ఎముక కాండపు వెలుపలిపొరలో పుట్టు ఈ గూడులు చీములేని ఎముకవాపులుగను, ఎముకచీముగడ్డలుగను పొరపాటున వర్గీకరింపబడుచున్నవను సంగతిని వారు ఆ వ్యాస శీర్షికలోనే చేర్చిరి. శాస్త్రవ్యాసపు శీర్షికలోనే పొరపాటును పేర్కొనవలసివచ్చిన దన్నచో ఆ పొరపాటు ఎంత లోతుగా నాటుకొనియుండెనో ఊహింపవచ్చును.

ఇక నొప్పి సంగతి. ఎముక తన భేదమును చెప్పజాలకున్నను, బిడ్డ చెప్పగలడు. ఈ వ్యాధిలో నొప్పికి ఒక విచిత్రమైన నడత కలదు. మొదట అప్పుడప్పుడు సలుపుగా ఆరంభమై, క్రమముగా నిత్యమై, పగలు ఓర్చుకొనదగినదిగా నుండి, దీపములార్పి పండుకొన్న పిమ్మట విజృంభించును. బిడ్డ అర్ధరాత్రమున లేచి కూర్చుండి కాలిని రెండుచేతులతో పట్టుకొని యేడ్చును. తల్లి నూనె రాచును, కాపడము పెట్టును; ఆ పగలంతయు ఎగిరిదూకి ఆడినాడనియో, ఎదుగుదల నొప్పులనియో ఇంటిల్లిపాదియు సమాధానపడుదురు. ఎదిగే పిల్లలకు రాత్రులయందు కాళ్ళునొచ్చుట నిజముగనే కలదు. కాని అది రెండు కాళ్ళకును మాఱిమాఱి వచ్చుచు, తెల్లవారుసరికి జాడలేకుండ పోవును. ఈ గూడు పెట్టు నొప్పి యట్లు కాదు. ప్రతిరాత్రియు అదే కాలు, అదే తావు. వ్రేలు పెట్టి చూపుమన్నచో బిడ్డ ఆ తావునే చూపును. మఱియు ఆస్పిరిన్ జాతి మందు వేసినచో అరగంటలోపల నొప్పి మాయమగును. రోగులందఱిలోను కాకున్నను, ఎక్కువమందిలో ఈ ఉపశమనము ఎంత స్పష్టముగా నుండునన్న, వైద్యులు దీనిని రోగనిర్ణయమునకే ఒక ఆధారముగా గైకొందురు. “బాబూ, నొప్పి పగలెక్కువా, రాత్రెక్కువా? మాత్ర వేసుకుంటే ఎంతసేపటికి తగ్గుతుంది?” అను ఈ రెండు ప్రశ్నలకు బిడ్డ ఇచ్చు సమాధానములు పెక్కు రక్తపరీక్షలకన్న విలువైనవని నా దృఢవిశ్వాసము.

ఆస్పిరిన్ ఇట్లు పనిచేయుటకు కారణము చాలకాలము తెలియరాలేదు. 1971లో ఇంగ్లండునందు జాన్ వేన్ అను శాస్త్రజ్ఞుడు, ఆస్పిరిన్ దేహమున ప్రోస్టగ్లాండిన్ అను ద్రవ్యముల ఉత్పత్తిని అడ్డగించునని నిరూపించెను. దానికై 1982లో అతనికి మఱి యిద్దఱితో కలిపి నోబెల్ బహుమానము లభించెను. అదే సంవత్సరమున మాక్లీ, డన్ అను వైద్యులు ఈ గూటిలోని కణజాలమే ప్రోస్టగ్లాండినులను తయారుచేయుచున్నదని లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. ఈ ద్రవ్యములు రక్తనాళములను వెడల్పుచేయును. నరముల కొనలను చిన్న ఒత్తిడికి సైతము అదరిపడునట్లు చేయును. ఆ నరములు ఎక్కడనో దూరముగా నున్నవి కావు: గూటిలోనికే నరపుపోగులు ప్రవేశించియున్నవని షుల్మన్, డార్ఫ్‌మన్ అనువారు 1970లోనే చూపియుండిరి. సామాన్యముగా ఎముకగడ్డలయందు ఇట్లుండదు. నరము, నరమును రేపు ద్రవ్యము, ఆ ద్రవ్యమును పోయు కణము, ఈ మూడును ఆ చిన్న గూటిలోనే ఇమిడియుండుటచేతనే ఇంత చిన్న గడ్డ అంతటి బాధను కలిగింపగలిగినది. చుట్టును ఎముక గట్టిపడుటకును, ప్రక్కనున్న మాంసమున నీరు చేరుటకును ఈ ద్రవ్యములే కొంతవఱకు కారణములు. అనగా చీముజబ్బును పోలిన ఆ రూపమును కల్పించుచున్నది గూటినుండి వెలువడు రసాయనమే గాని, క్రిమి కాదు.

ఇచ్చట తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక అవసరము. ఆస్పిరిన్‌తో నొప్పి తగ్గునను మాటను పట్టుకొని పిల్లలకు ఆ మందును ఇంటిలోనే ఇచ్చుట ఎంతమాత్రము తగదు. జలుబుజ్వరము, ఆటలమ్మ వంటివి సోకిన పిల్లలకు ఆస్పిరిన్ ఇచ్చినచో మెదడును కాలేయమును దెబ్బతీయు రే వ్యాధి యను ప్రమాదము కలుగవచ్చును. అందుచేత నేడు వైద్యులు అదే కుటుంబమునకు చెందిన ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్ వంటి మందులనే బిడ్డ బరువును బట్టి ఇచ్చుచున్నారు.

గూడు ఎముక కాండమున నున్నప్పుడు గుర్తించుట అంత కష్టము కాదు. కీలులోపల నున్నప్పుడే అసలు చిక్కు. తుంటికీలులో పుట్టినచో ఎముక గట్టిపడుట స్వల్పముగానే యుండును. దానికి బదులు కీలులో నీరు చేరును, కదలిక తగ్గును, తొడకండ చిక్కిపోవును, బిడ్డ కుంటును. తుంటిలోని నొప్పి మోకాలియందు తోచుట శరీరశాస్త్రమున ప్రసిద్ధము. కావున మోకాలికి ఎన్నిమాఱులు ఎక్స్‌రే తీసినను ఏమియు కనబడదు. ప్రపంచమందలి క్షయరోగులలో నాల్గవవంతువఱకు మనదేశముననే యున్నారు. తుంటికీలు క్షయ మన పిల్లలకు అరుదు కాదు. కుంటుచున్న బిడ్డను, చిక్కిన తొడను, నీరుచేరిన కీలును చూచిన వైద్యునికి క్షయ తలపునకు వచ్చుట దోషము కాదు, కర్తవ్యము. కాని రక్తపరీక్షలు నిర్దోషముగా నుండగా, క్రిమి ఎక్కడను దొరకకుండగా, నెలలతరబడి క్షయమందులు మ్రింగించుటకు ముందు ఆ రెండు ప్రశ్నలు అడుగవలదా? మఱియొక మోసము కూడ ఇందు కలదు: క్షయమందులతోపాటు నొప్పికి మాత్రలు ఇచ్చుట పరిపాటి, మాత్రలవలన నొప్పి తగ్గగా, అది క్షయమందుల ఫలమని అందఱును తలంతురు.

పటములయందు ఈ గూటిని బ్రోడీ చీముగదినుండి వేఱుచేయు గుర్తులు నేడు మనకు చక్కగా తెలిసియున్నవి. గూడు గుండ్రముగా, అంచులు నునుపుగా నుండును. దాని నడుమ ఒక్కొక్కప్పుడు సున్నపుచుక్క కనబడును. చీముగది అంచులు ఎగుడుదిగుడుగా నుండి, దానినుండి వంకరటింకర సొరంగము ఎదుగుపొరవైపునకు సాగవచ్చును. రక్తములోనికి రంగుమందు ఎక్కించి స్కాను తీసినచో, రక్తనాళములతో నిండిన గూడు మొత్తము వెలుగును. చీముగదిలో నడుమ రక్తప్రసారము లేదు గనుక అంచు మాత్రమే వెలుగును. ఇందు సి.టి. స్కానే ఉత్తమము. ఎం.ఆర్.ఐ. క్రొత్తది, ఖరీదైనది, కనుక అంతకన్న మంచిదను నమ్మకము మనవారిలో ప్రబలినది. కాని ఈ వ్యాధి విషయమున అది తఱచుగా దారితప్పించును. చుట్టునున్న మూలుగలోను, మాంసములోను చేరిన నీటిని అది ఎంత ఘనముగా చూపునన్న, నడుమనున్న గూడు కంటబడకపోవుటయు, చూచినవారు చీముజబ్బనియో, అంతకన్న భయంకరమైన పుట్టకురుపనియో అనుమానించుటయు జరుగుచున్నవి. ఒక మిల్లీమీటరు మందమున సన్నని కోతలుగా తీసిన సి.టి. పటములు ఆ అనుమానమును తీర్చును.

చికిత్స కథయు చెప్పదగినదే. ఈ గడ్డ కొన్నియేండ్లకు తనంతట తానే చల్లారిపోవునను సంగతి చిరకాలముగా తెలిసినదే; మందులతో నొప్పిని అణచుచు వేచియుండుటయు ఒక పద్ధతియే. కాని కడుపులో మంట పుట్టించు మాత్రలను ఒక బిడ్డచేత రెండుమూడేండ్లు మ్రింగించుట ఎల్లవేళల సాధ్యము కాదు. పూర్వము శస్త్రవైద్యులు గూటితోకూడ ఎముకముక్కను పెద్దదిగా తీసివేసెడివారు. గూడు కంటికి సరిగ కనబడదు గనుక, మిగిలిపోవునేమోయని భయపడి, అవసరమునకు మించి తీసెడివారు. బలహీనపడిన ఎముకకు మరల ఎముకను అతుకుటయు, కట్లు కట్టి నెలలతరబడి మంచమున పండుకొనబెట్టుటయు తప్పెడివి కావు. 1992లో బోస్టనులోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి వైద్యుడు డేనియల్ రోసెంతాల్, అతని సహచరులు ప్రకటించిన పద్ధతి ఈ దుస్థితిని మార్చినది. సి.టి. పటమును చూచుచు సన్నని సూదిని నేరుగా గూటిలోనికి దింపి, రేడియోతరంగముల శక్తితో దాని కొనను 90 డిగ్రీల సెంటీగ్రేడువఱకు వేడిచేసి, ఆఱు నిమిషములు ఉంచినచో గూడు మాడిపోవును. పదిమందిలో తొమ్మిదిమందికి ఒక్కమాఱుతోనే స్వస్థత కలుగును. మిగిలినవారికి రెండవమాఱు చేయవచ్చును. నేడు మన మహానగరములలోని పెద్ద ఆసుపత్రులయందును ఈ చికిత్స జరుగుచున్నది.

ఇందొక వింత కలదు. బిడ్డకు పూర్తిగా మత్తు ఇచ్చి పండుకొనబెట్టినను, సూది చర్మమును, మాంసమును, గట్టియెముకను దాటుచున్నంతసేపు ఏమార్పును లేక, గూటిని తాకిన క్షణమున గుండె వేగము హెచ్చును, ఊపిరి తీవ్రమగును. మనస్సు నిద్రించుచున్నను నరము మేల్కొనియే యున్నదనుటకు ఇంతకన్న నిదర్శన మేమి కావలెను? రాత్రులయందు ఆ బిడ్డ పెట్టిన ఏడుపును గారాబమనియు, బడి యెగ్గొట్టుటకు వేసిన ఎత్తనియు, మనోవ్యాధి యనియు కొట్టివేసినవారందఱును అప్పుడు గుండె వేగమును చూపు యంత్రపు అంకెలను ఒక్కమాఱు చూడవలసినది.

ఈ గూడు నిజముగా గడ్డయేనా, లేక దేహము చేసిన ఏదో ప్రతిక్రియయా యను వివాదము జాఫే కాలమునుండి నడచుచుండెను. 2018లో ప్రకటితమైన జన్యుపరిశోధనలు, దీనియందును దీని పెద్దయన్న యనదగిన ఆస్టియోబ్లాస్టోమాయందును ఫాస్ అను జన్యువు తెగి మఱియొకచోట అతుకుకొనియుండుటను చూపి, ఇది గడ్డయేనను జాఫే అభిప్రాయమును బలపఱచినవి. క్రిముల ప్రసక్తి అంతటితో సమసిపోయినది.

గూడు వెన్నులో పుట్టినప్పుడు మాత్రము కాలహరణమునకు మూల్యము వేఱు. బిడ్డ నొప్పిని తప్పించుకొనుటకై ఒకప్రక్కకు ఒరుగును, ప్రక్కకండరములు బిగుసుకొనును, వెన్ను వంగును, గూడు ఆ వంకర లోపలివైపున నుండును. యౌవనారంభమున ఆడపిల్లలకు సాధారణముగా కలుగు వెన్నువంకరలో నొప్పి ఉండదు, ఉన్నను స్వల్పమే. కావున వంకరతోపాటు రాత్రినొప్పి యున్నదన్నచో వైద్యుడు వెంటనే జాగరూకుడు కావలెను. 1986లో పెటైన్, క్లాసెన్ అను శస్త్రవైద్యులు ఇట్టి పిల్లలను పరిశీలించి, నొప్పి ఆరంభమైన 15 నెలలలోగా గూడు తొలగింపబడినచో వంకర చాలవఱకు తనంతట తానే సరియగుననియు, ఆ గడువు దాటినచో ఎదుగుచున్న వెన్నుపూసలు ఆ వంకరకు అలవాటుపడి గూడు పోయినను వంకర నిలిచిపోవుననియు కనుగొనిరి. అందువలన నొప్పితోకూడిన వెన్నువంకరగల బిడ్డకు నడుముపట్టీ బిగించుటకు ముందే, వ్యాయామములు నేర్పుటకు ముందే, సి.టి. స్కాను తీయించి గూటిని వెదకవలెను.